పైలం: జారే దారిలో నడిచే విద్య

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ ఊరి నుంచి కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లే దారిలో జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు ఉంది. ఎక్కేవాళ్లు చాలామంది మొదటి రాత్రి అక్కడే ఆగుతారు. జనవరిలో ఆ చెరువు గడ్డకట్టి, పిండి చల్లిన బండలా ఉంటుంది. దానికి కాస్త దిగువన, చెట్ల నీడలో, బాటకు అడ్డంగా ఒక సన్నటి నీటిపాయ ఉంది. పట్టుమని నాలుగడుగుల వెడల్పు ఉండదు. రాత్రి చలికి అది అద్దంలా బిగుసుకుంది. లోపల ఇరుక్కున్న ఆకుల ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. ముందున్నవాళ్లు దాటిపోయారు. వెనకబడిపోతున్నానన్న తొందరలో నేను పెద్ద అంగ వేసి మడమ మోపాను. మడమ అక్కడ ఆగలేదు.

కుడి చేతి మీద పడ్డాను. మణికట్టు వాచింది. మా గైడ్ ఆ పక్క ఊళ్లో పుట్టిన కుర్రాడు, నాకన్నా పదేళ్లు చిన్న. వెనక్కి వచ్చి నన్ను లేపి, నా బూటును తన చేత్తో పట్టుకుని గడ్డ మీద ఆనించాడు. "భాయ్‌సాబ్, ఆరామ్‌సే. పూరా పైర్ రఖో" అన్నాడు. పాదం మొత్తం పెట్టమని.

ఆ మాట నాకు కొత్త కాదు. పాతికేళ్ల కింద మా నాయినమ్మ చెప్పింది. మాది ఖిలా వరంగల్. మట్టికోట దాటి, కందకం దాటి, రాతికోట లోపలికి వస్తే ఏకశిల గుట్ట కనిపిస్తుంది. ఓరుగల్లుకు ఆ పేరు తెచ్చిన ఒంటిరాయి అదే. నాయినమ్మ వయసులో ఉన్నప్పుడు కోటలోని దిగుడు బావి నుంచి బిందెతో నీళ్లు మోసింది. ఒక వానాకాలం నన్ను ఆ బావి చూపించడానికి తీసుకెళ్లింది. మెట్ల నిండా పాచి. నేను చెంగున దిగబోతే రెక్క పట్టి ఆపింది.

"పైలం బిడ్డా! కాలు నిండ పెట్టు. ఒక కాలు కుదిరినంకనే ఇంకో కాలు తియ్యాలె."

ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా గడప దగ్గర మా పెద్దవాళ్లు అనే మాట పైలం, అంటే జాగ్రత్త అని. రోజూ వినీ వినీ దాన్ని వీడ్కోలు మాట అనుకున్నాను. గడ్డ మీద పడ్డాక తెలిసింది, అదొక విద్య పేరని. జారే నేల మీద ఒళ్లంతా కళ్లు చేసుకుని నడవడం. ఈ అధ్యాయంలో ఆ విద్యనే చెప్పబోతున్నాను. మంచుకొండ ఎక్కాలనుకునే తెలుగువాళ్ల కోసమే మొదలుపెడుతున్నాను గానీ, కొండ ఎక్కే ఉద్దేశం లేనివాళ్లకూ ఇందులో పని ఉంది.

1. నేలను చదవండి

మంచు అనగానే మనకు మెత్తటి తెల్లటి దూది గుర్తొస్తుంది. కొత్తగా పడిన మంచు మీద కాలు దిగబడుతుంది గానీ అంతగా జారదు. జారేది రెండో రకం. పగలు ఎండకు కరిగి, సాయంత్రం మళ్లీ గడ్డకట్టినది. పదుల మంది నడిచి నడిచి నునుపెక్కినది. ఇది నాలుగు చోట్ల ఎక్కువగా ఉంటుంది: వాగులూ ఊటలూ దాటే చోట, ఎండ తగలని ఉత్తరపు వాలు మీద, దట్టమైన చెట్ల నీడలో, అందరూ నడిచే బాట మధ్యలో.

గుర్తుపట్టడం కష్టం కాదు. తెల్లగా, గరుకుగా, పొడిపొడిగా కనిపిస్తే కాలు నిలుస్తుంది. బూడిద రంగులోనో, నీలంగానో, తడి మెరుపుతోనో కనిపిస్తే ఆగండి. ట్రెక్కింగ్ పోల్ మొనతో పొడిచి చూడండి. మొన దిగితే మంచు, టక్కుమంటే గడ్డ. బాట మధ్యలో నునుపుగా ఉంటే కొండవైపు అంచున ఉన్న గరుకు మంచు మీద నడవండి. లోయవైపు అంచుకు మాత్రం వెళ్లొద్దు. అక్కడ మంచు కింద నేల ఉందో లేదో పైనుంచి చూస్తే తెలియదు.

2. కాలు నిండా పెట్టండి

చదును నేల మీద మనం మడమతో మొదలుపెట్టి వేళ్లతో తోసుకుంటూ నడుస్తాం. గడ్డ మీద ఈ రెండూ ప్రమాదమే. మడమ మోపిన క్షణంలో ఒంటి బరువంతా ఒక చిన్న చోట, అదీ ఏటవాలుగా పడుతుంది. అందుకే గడ్డ మీద అడుగు చిన్నది కావాలి. పాదం మొత్తం ఒకేసారి ఆనాలి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. బరువు నేరుగా పాదం మీదే ఉండాలి. చేతులు జేబుల్లో ఉండకూడదు.

మెత్తటి మంచులో పద్ధతి వేరు. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగంతో తన్ని చిన్న మెట్టు చేసుకుని, అది ఆగుతుందని తేలాక బరువు వేయాలి. దిగేటప్పుడు మడమను గుచ్చి దిగాలి. ఇక్కడ మడమే మీ మేకు. నేల మెత్తగా ఉందో గట్టిగా ఉందో ముందు చదవమన్నది ఇందుకే. ఒకచోట కాపాడిన అడుగు ఇంకోచోట పడేస్తుంది.

బూట్లకు కింద తొడిగే మైక్రోస్పైక్స్ తప్పనిసరిగా తీసుకెళ్లండి. రబ్బరు పట్టీకి గొలుసులు, వాటికి చిన్న ఉక్కు ముళ్లు ఉంటాయి. జారడం మొదలయ్యాక తొడుక్కుందాం అనుకోకండి. గడ్డ కనబడగానే, చదునుగా ఉన్న చోట నిలబడి తొడుక్కోండి. ఇంటి దగ్గర చేతి తొడుగులు వేసుకుని, కళ్లు మూసుకుని పదిసార్లు తొడిగి విప్పండి. తెల్లవారుజామున మూడు గంటలకు, వేళ్లు మొద్దుబారినప్పుడు, ఆ పదిసార్ల విలువ తెలుస్తుంది.

3. చెమట పట్టనివ్వకండి

నేను మొదటి ఏడాది శిఖరం చూడలేదు. ఎందుకో దాచుకోకుండా చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది.

కేదార్‌కంఠ ఎత్తు సుమారు 12,500 అడుగులు, అంటే 3,800 మీటర్లు. శిఖరానికి వెళ్లే రోజు తెల్లవారుజామున మూడింటికి, హెడ్‌ల్యాంపుల వెలుగులో బయల్దేరాం. నేను లోపల నూలు బనియన్ వేసుకుని, దాని మీద నాలుగు పొరలు వేసుకున్నాను. చివర్న నడవడం నామోషీగా అనిపించి ముందువాళ్లను దాటుకుంటూ వెళ్లాను. గంటలో బనియన్ తడిసి ముద్దయింది. వేడిగా ఉంది కదా, చలిని గెలిచాననుకున్నాను. కాసేపు ఆగాం. పది నిమిషాల్లో దవడలు కొట్టుకోవడం మొదలైంది. జాకెట్ జిప్పు పెట్టుకోబోతే చేతికి అందడం లేదు. గైడ్ నా మొహంలోకి లైటు వేసి "మీ ఊరి పేరేంటి?" అని అడిగాడు. వరంగల్ అని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. అతను ఇంకేమీ అడగలేదు. నన్ను సహాయకుడికి అప్పగించి కిందికి పంపించాడు.

గాలితో పోలిస్తే నీరు ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. నూలు బట్ట చెమటను పీల్చి తనలోనే పెట్టుకుంటుంది. ఎండాకాలంలో మనకు హాయినిచ్చే గుణమే మంచులో ప్రాణం మీదికి తెస్తుంది. ఉన్ని అలా కాదు, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఈ సంగతి మన కురుమలకూ గొల్లలకూ ఎప్పటి నుంచో తెలుసు. చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి కొప్పెర పెట్టుకుని, జడివానలో గొర్ల వెంట తిరిగిన తాతలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పర్వతారోహణ పుస్తకాలు చెప్పే మొదటి పాఠం మన గొంగడిలోనే ఉంది.

కాబట్టి మూడు పొరలు పెట్టుకోండి. ఒంటికి అంటి ఉండేది ఉన్నిదో, చెమటను బయటికి పంపే సింథటిక్‌దో. మధ్యలో వెచ్చదనం కోసం ఫ్లీస్. పైన గాలినీ మంచునూ ఆపే జాకెట్. లావు డౌన్ జాకెట్‌ను నడకకు కాకుండా ఆగినప్పటికి దాచుకోండి. బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉంటేనే సరిగ్గా కట్టుకున్నట్టు. పది నిమిషాలు నడిచాక ఆగి ఒక పొర తీసేయండి. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగంతోనే నడవండి. మాట ఆగి రొప్పు మొదలైందంటే అడుగు తగ్గించండి.

సాక్సులు ఒకదాని మీద ఒకటి బిగించి తొడగొద్దు. వేళ్లకు రక్తం ఆడకపోతే ఎంత మందపు సాక్సైనా వెచ్చబరచదు. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి మూత తెరుచుకుంటుంది. ఫోనూ బ్యాటరీలూ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. మంచు మీద పడి తిరిగొచ్చే ఎండ కళ్లను కాల్చేస్తుంది, నల్ల కళ్లద్దాలు మరవొద్దు. సంక్రాంతికి ఇంట్లో చేసిన నువ్వుల లడ్డూలూ సకినాలూ రెండు పొట్లాలు కట్టుకోండి. చలిలో ఒళ్లు పొయ్యిలాంటిది, కట్టె వేస్తూ ఉండాలి.

4. కోటలోనే బడి

మంచే పడని ఊళ్లో ఉండి మంచుకొండకు ఎలా సిద్ధమవ్వాలి? నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే.

మాలావత్ పూర్ణ ఊరు నిజామాబాద్ జిల్లా పాకాల. అక్కడా మంచు పడదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న ఆ అమ్మాయి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటే ఎక్కాడు. వాళ్ల తొలి పాఠాలు భువనగిరి గుట్ట మీద జరిగాయి, పర్వతారోహకుడు శేఖర్ బాబు శిక్షణలో. వరంగల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు కిటికీలోంచి మనం రోజూ చూసే గుట్టే అది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి, చివరికి ఎవరెస్ట్. ముందు రాయి, తర్వాత ఎత్తు, తర్వాత చలి. ఒకదాని మీద కాలు కుదిరాకే ఇంకోదాని మీద పెట్టారు.

నేను కూడా రెండో ఏడు అదే వరుస పట్టుకున్నాను. నా బడి రాతికోట గోడ. ఆ గోడకు లోపలివైపు పైదాకా రాతిమెట్లు ఉన్నాయి. కాకతీయుల సైనికులు గోడ మీదికి చేరడానికి కట్టినవి. ఎత్తు ఒకేలా ఉండదు, అంచులు అరిగాయి, కొన్నిచోట్ల గడ్డి మొలిచింది. జిమ్‌లో ఉండే మెట్ల యంత్రం ఇది నేర్పలేదు. ప్రతి మెట్టునూ చూసి వేయాల్సిందే. ఇది కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడం. అనుమతి ఉన్న చోట, మెట్ల మీదుగానే ఎక్కండి. వదులైన రాళ్ల మీద కాలు పెట్టొద్దు.

పన్నెండు వారాల సాధన ఇలా చేశాను. అక్టోబర్‌లో మొదలుపెడితే జనవరికి సిద్ధమవుతారు.

మొదటి 4 వారాలు: వారానికి నాలుగు రోజులు, చేతులూపుకుంటూ 5 కిలోమీటర్ల వడివడి నడక. కోట తోరణాల దగ్గర మొదలుపెట్టి, ఊరి వీధుల మీదుగా ఏకశిల గుట్ట దాకా, మళ్లీ వెనక్కి. ఉదయం పళ్లు తోముకునేంతసేపూ ఒంటికాలి మీద నిలబడండి. దీంతో చీలమండ గట్టిపడుతుంది. జారినప్పుడు ఒంటిని నిలబెట్టేది అదే.

తర్వాతి 4 వారాలు: మెట్లు. పదిసార్లు ఎక్కి దిగడంతో మొదలుపెట్టి ఇరవైకి పెంచండి. వీపున సంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసా పెట్టుకోండి. మోకాళ్లు అలవాటు పడేదాకా పైకి చేరాక ఆ నీళ్లు ఏదైనా మొక్కకు పోసి ఖాళీ సంచితో దిగండి. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్లకు పరీక్ష. రెండో పరీక్షకు నిదానంగా సిద్ధం కావాలి.

చివరి 4 వారాలు: సంచి బరువు మెల్లగా 7 కిలోలకు పెంచండి. ఇప్పుడు బరువుతోనే దిగండి. కొండకు తొడుక్కెళ్లే బూట్లే తొడుక్కోండి. కొత్త బూట్లతో కొండకు వెళ్లినవాళ్లకు రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి. వారానికి ఒకరోజు 12 కిలోమీటర్లు నడవండి. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచి హెడ్‌ల్యాంప్ వెలుగులో నడవండి. డిసెంబర్‌లో కందకం మీద పొగమంచు పరుచుకుని ఉంటుంది. మనది 12 డిగ్రీల చలే కావచ్చు, నిద్రకళ్లతో వెచ్చటి దుప్పటి వదిలి లేవడం మాత్రం అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

బీపీ, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ సాధన మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని కలవాలి.

5. ఒళ్లు చెప్పే మాట వినండి

వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తులోనే ఉంది. 3,800 మీటర్ల ఎత్తుకు వెళితే ఒక్కో శ్వాసలో దొరికే ప్రాణవాయువు మూడింట రెండు వంతుల కన్నా తక్కువకు పడిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఆకలి చచ్చిపోవడం కనిపిస్తే ఆ రోజు ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకుండా పెరుగుతున్నా, నడక తూలుతున్నా, కూర్చుని ఉన్నా ఆయాసం వస్తున్నా రాత్రి పగలు చూడకుండా కిందికి దిగాలి. దిగడమే మందు.

చలి దెబ్బ వేరే దారిలో వస్తుంది. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టు. ముందు వణుకు, తర్వాత వేళ్లు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం, కాళ్లు తడబడటం, కారణం లేని విసుగు. నా జిప్పు, ఊరి పేరు చెప్పడానికి నేను తడుముకోవడం గుర్తుచేసుకోండి. చలి పట్టినవాడికి తనకు చలి పట్టిందని తెలియదు. అందుకే ఒకరినొకరు చూసుకోవాలి. గంటకోసారి పక్కవాడిని ఒక ప్రశ్న అడగండి, జవాబు ఎలా వస్తోందో వినండి. తేడా ఉంటే గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడిబట్టలు విప్పి, పొడివి తొడిగి, తలకు టోపీ పెట్టి, నేల చలి తగలకుండా కింద ఏదైనా పరవండి. తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యటి వేడి పానీయం ఇవ్వండి. మద్యం వద్దు. అది రక్తాన్ని చర్మం వైపు మళ్లించి, ఉన్న వేడిని బయటికి పంపేస్తుంది. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా అవుతుంటే కోలుకున్నాడనుకోకండి, వెంటనే సాయం పిలవండి.

వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే రుద్దొద్దు. నిప్పు దగ్గర పెట్టొద్దు. చంకలో పెట్టుకుని మెల్లగా వెచ్చబరచండి.

6. వెనుదిరిగే గంట ముందే పెట్టుకోండి

కొండ మీద నిర్ణయాలు తీసుకోవడానికి అన్నిటికన్నా పనికిరాని చోటు శిఖరానికి అరగంట దూరం. అక్కడ అలసట ఉంటుంది, ఆశ ఉంటుంది, ఖర్చుపెట్టిన డబ్బు గుర్తొస్తుంది. అందుకే ముందు రోజు సాయంత్రమే, టెంటులో వేడి టీ తాగుతూ, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే గంట నిర్ణయించుకోండి. "రేపు తొమ్మిదయితే ఎక్కడున్నా సరే వెనక్కి" అని పైకి అనండి, అందరూ వినేలా. పొద్దెక్కే కొద్దీ ఎండకు మంచు వదులవుతుంది, అడుగు దిగబడుతుంది, దిగడం కష్టమవుతుంది. ఆ లెక్కతోనే గంట పెడతారు.

మన నెల్లూరు జిల్లాలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలు ఎక్కారు. అంతటి మనిషిని 2015లో ఆండీస్ పర్వతాల్లో పోగొట్టుకున్నాం. ఆయన పేరు విన్నప్పుడల్లా నాకు గర్వంగానూ ఉంటుంది, గుండె బరువుగానూ ఉంటుంది. అంత అనుభవం ఉన్నవారికే కొండ మీద భరోసా లేనప్పుడు, మొదటిసారి వెళ్లే మనం గీత ముందే గీసుకోవడం పిరికితనం ఎలా అవుతుంది?

ఈ గంట కొండకే కాదు, ఇంట్లోనూ పనికొస్తుంది. హనుమకొండ లైబ్రరీల్లో గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు నాకు ఎందరో తెలుసు. ఆరో ఏడు, ఏడో ఏడు. ఆపాలా వద్దా అని ఫలితం వచ్చిన రాత్రి ఆలోచిస్తారు. అది శిఖరానికి అరగంట దూరం లాంటి చోటు. సరైన జవాబు అక్కడ దొరకదు. చదువు మొదలుపెట్టిన రోజే ఇన్ని ప్రయత్నాలు, ఇన్నేళ్లు అని కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. ఆ గడువు దాకా నిండు మనసుతో చదవండి. గడువు వచ్చాక తిరిగి వస్తే ఓడిపోయినట్టు కాదు. ప్రాణంతో, మర్యాదతో, ఇంకో దారికి సరిపడా బలంతో వచ్చినట్టు.

ఈ వారం సాధన

ఒకటి: మీకు దగ్గర్లోని మెట్ల మీద, గుడిదైనా సరే, కోటదైనా సరే, రోజూ పది నిమిషాలు పాదం నిండా ఆనిస్తూ ఎక్కి దిగండి. చప్పుడు వినిపించకూడదు. అడుగు చప్పుడైందంటే బరువు ముందే పడినట్టు.

రెండు: ఇప్పుడు మీరు చేస్తున్న పనుల్లో మీకు రొప్పు తెప్పిస్తున్నది ఏదో గుర్తించండి. ఎవరిని దాటాలని ఆ వేగం? రాసుకోండి. వారం పాటు ఆ ఒక్క పనిలో, మాట్లాడుతూ నడవగలిగే వేగానికి తగ్గండి.

మూడు: మీరు సాగదీస్తున్న ఒక ప్రయత్నానికి వెనుదిరిగే గంట పెట్టండి. తేదీ రాసి, మీ మంచి కోరే ఒకరి చేతికివ్వండి.

మరుసటి జనవరిలో నేను మళ్లీ వెళ్లాను. కాజీపేటలో ఢిల్లీ రైలెక్కి, డెహ్రాడూన్ చేరి, పురోలా, మోరి మీదుగా సాంక్రీ. ఈసారి ఒంటి మీద ఉన్ని ఉంది. వరుసలో చివరివాడిని నేనే, కావాలనే. ఆ నీటిపాయ దగ్గర ఆగి, ముళ్లు తొడుక్కుని, నాలుగడుగుల వెడల్పును పది చిన్న అడుగుల్లో దాటాను. శిఖరానికి బయల్దేరిన రోజు పొద్దున ఏడు గంటలు దాటాక పైన నిలబడ్డాను. స్వర్గారోహిణి శిఖరాల మీద ఎండ పడుతోంది. అక్కడ సంబరపడింది కాసేపే, దిగే దారి ముందుంది.

ఇంటికొచ్చాక నాయినమ్మకు ఫోటోలు చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. కొండల ఫోటోలు గబగబా దాటేసింది. గడ్డ మీద నేను నడుస్తుండగా గైడ్ తీసిన ఫోటో దగ్గర ఆగింది. వేలితో నా బూటు చూపించింది.

"గిట్లనే. కాలు నిండ పెట్టినవ్" అంది.